చల్లబడిందంటే లోపలికి పదండి

(హన్మకొండలోని ఒక గ్రంథాలయంలో, ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం సాయంత్రం, విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్ ఒకరు రైతులు, విద్యార్థులు, కరెంటు ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి. ఈ ఫ్యాను కింద కుర్చీలు ఇంకా ఖాళీగా ఉన్నాయి.

మా అబ్బాయి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉంటాడు. కిందటి చలికాలంలో ఒకరోజు అర్ధరాత్రి దాటాక ఫోన్ చేశాడు. వాళ్లకు అప్పుడు మధ్యాహ్నం. ఆ టైములో ఫోన్ మోగితే ఏ తల్లిదండ్రులకైనా టెన్షనే. ఎత్తగానే వాడన్న మాట ఇది: "నాన్నా, రాత్రంతా వాన పడి తెల్లారేసరికి ఆగిపోయింది. ఇప్పుడు ఆకాశంలో చిన్న మబ్బు తునక కూడా లేదు, ఎండ కాస్తోంది. కానీ గాలి ఇంటిని పట్టుకుని ఊపుతోంది. వెనకాల చెట్టు వేళ్లతో సహా లేచి పక్కింటివాళ్ల కారు మీద పడింది. కరెంటు లేదు, హీటర్ లేదు. పాపకు రెండు స్వెట్టర్లు తొడిగి దుప్పట్లో చుట్టాం." కాసేపాగి అడిగాడు: "వాన వెలిసిపోయింది కదా, మరి ఈ గాలి ఎందుకు?"

ముప్పై ఏళ్లు పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. జవాబు ఫోన్‌లోనే చెప్పాను. కిటికీలకు దూరంగా, చెట్టు లేనివైపు గదిలో పడుకోమన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. మా అమ్మ గుర్తొచ్చింది. వాడు అడిగిన ప్రశ్నలో ఉన్నదీ, మా అమ్మకు ఒక వేసవి సాయంత్రం మా ఊళ్లో జరిగినదీ లోపల్లోపల ఒకటే సంగతి అని ఆ రాత్రి తోచింది. ఆ ఆలోచనే ఇవాళ నన్ను మీ ముందు నిలబెట్టింది.

ముందు అక్కడి సంగతి చెప్తాను. జాగ్రఫీ చదివినవాళ్లకు 'శీతల వాతాగ్రం' అన్న మాట గుర్తుండాలి. ఇంగ్లిషులో కోల్డ్ ఫ్రంట్. ధ్రువం వైపు నుంచి చల్లగాలి, దక్షిణం నుంచి వెచ్చగాలి వచ్చి ఎదురుపడినచోట రెండూ పాలూ నీళ్లలా కలిసిపోవు. చల్లగాలి బరువు, వెచ్చగాలి తేలిక. బరువైనది నేలను పట్టుకుని కిందకు దూరుతుంది, తేలికైనదాన్ని పైకి ఎగదోస్తుంది. రెండింటి నడుమ హద్దునే వాతాగ్రం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో నార్వేలోని బెర్గెన్‌లో బ్యెర్క్‌నెస్ అనే తండ్రీకొడుకులు, వాళ్లతో పనిచేసినవాళ్లు దీన్ని తేల్చారు. అప్పుడు పేపర్ల నిండా యుద్ధం కబుర్లే కాబట్టి, రెండు సైన్యాలు తలపడే గీతకు వాడే ఫ్రంట్ అన్న మాటనే దీనికీ పెట్టుకున్నారు.

గాలికి బరువేమిటి అనుకుంటున్నారేమో. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గది తీసుకోండి. అందులో ఉన్న గాలి ముప్పై కిలోలు దాటుతుంది. మనం కొట్టులో కొనే పాతిక కిలోల బియ్యం సంచి కంటే ఎక్కువ. అదే గదిలో 40 డిగ్రీల గాలికి బదులు 25 డిగ్రీల గాలి నింపితే ఇంకో కిలోన్నర పెరుగుతుంది. ఒక గదికే కిలోన్నర తేడా. జిల్లాలకు జిల్లాలు పరుచుకున్న గాలికి ఆ తేడా ఎంతవుతుందో మీరే ఊహించుకోండి. ఈ రోజు నేను చెప్పేదంతా ఆ కిలోన్నర గురించే.

వాతాగ్రం దాటేటప్పుడు వాన, ఉరుములు ఉంటాయి. దాటాక వాన ఆగుతుంది, మబ్బు విడిపోతుంది. జనం ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి అసలు గాలి అప్పుడే మొదలవుతుంది. ఎందుకంటే బరువైన చల్లగాలి వచ్చి కూర్చున్నచోట పీడనం గబగబా పెరుగుతుంది. వాతాగ్రంతో పాటే నడిచి ముందుకు వెళ్లిపోయిన అల్పపీడనం దగ్గర పీడనం తక్కువగానే ఉంటుంది. ఎత్తున్న చెరువు తూము ఎత్తితే పల్లానికి నీళ్లు ఎలా ఉరుకుతాయో, గాలి అటు నుంచి ఇటు అలా ఉరుకుతుంది. దీనికి తోడు ఇంకొకటి ఉంది. నేల మీద చెట్లూ ఇళ్లూ అడ్డుపడి గాలి నెమ్మదిస్తుంది గాని, కిలోమీటరు, కిలోమీటరున్నర ఎత్తులో దాన్ని ఆపేది ఏదీ లేదు, అక్కడ చాలా జోరుగా వీస్తుంది. ఆకాశం విడిచి ఎండ కాసేసరికి నేల వేడెక్కుతుంది, నేలకు అంటుకున్న గాలి పైకి లేస్తుంది, దాని జాగాలోకి పైనున్న గాలి తన వేగంతో సహా దిగుతుంది. అంటే ఆ ఎండే గాలిని కిందికి దించుతోంది. మా అబ్బాయి చూసింది అదే.

రాత్రి పడ్డ వానకు నేల నాని ఉంటుంది కాబట్టి చెట్ల వేళ్లకు పట్టు ఉండదు. అందుకే చెట్టు విరగలేదు, వేళ్లతో లేచింది. అమెరికాలో చాలా చోట్ల గాలి ఒక గంటసేపు 64 కిలోమీటర్ల వేగంతో నిలకడగా వీస్తుందన్నా, లేదా ఒక్క ఊపులో 93 కిలోమీటర్లు అందుకుంటుందన్నా హై విండ్ వార్నింగ్ ఇస్తారు. వాతాగ్రం వస్తోందని నాలుగైదు రోజుల ముందే తెలుస్తుంది కూడా. అయినా 2022 డిసెంబరులో వచ్చిన వాతాగ్రం చూడండి. వ్యోమింగ్ రాష్ట్రంలో షయాన్ అనే ఊళ్లో అరగంటలో 22 డిగ్రీలు పడిపోయింది. బఫెలో నగరంలో, దాని చుట్టుపక్కల మంచు, గాలి కలిసి నలభై మందికి పైగా ప్రాణాలు తీశాయి. హెచ్చరిక ముందే ఉంది. హెచ్చరిక ఉండటం ఒకటి, అది మనిషి కాళ్లను కదిలించడం ఇంకొకటి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ వాతాగ్రం వరంగల్ దాకా ఎందుకు రాదు? మనం ఉన్నది 18 డిగ్రీల అక్షాంశం మీద. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్సులు, అంటే పడమటి నుంచి కదిలివచ్చే అల్పపీడనాలు, కశ్మీరు, హిమాచల్‌లలో మంచు కురిపించి, పంజాబు, ఢిల్లీల మీద కొంచెం వాన చల్లి తూర్పుకు పోతాయి. వాటి వెనకాల వచ్చే చల్లగాలి మధ్యప్రదేశ్, విదర్భ దాటి మన ఆదిలాబాద్‌కు చేరేసరికి దానిలో తోపుడు మిగలదు, చలి ఒక్కటే మిగులుతుంది. సిర్పూర్ (యు), తిర్యాణి వైపు ఎముకలు కొరికే చలి పెట్టే రాత్రుల్లో ఆకు కూడా కదలదు. గమనించారా? గాలి కదలదు కాబట్టే, మబ్బు లేదు కాబట్టే నేల అంతగా చల్లారుతుంది. అందుకని మన చలికాలంలో గాలి వల్ల ఇల్లు పోయినవాళ్లు కనబడరు.

మనకు ఆ చల్లగాలి వేరే నెలలో, వేరే దారిలో వస్తుంది. మార్చి నెలాఖరు నుంచి రోహిణి కార్తె దాకా, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది లోపు, ఆకాశంలోంచి నిట్టనిలువుగా దిగుతుంది.

ఎట్లా దిగుతుంది? దీనికి మన ఇంట్లో కూలర్ చాలు. కూలర్‌లో గడ్డి తడుస్తుంది, వేడిగాలి ఆ తడిలోంచి లోపలికి వస్తూ నీటిని ఆవిరి చేస్తుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని గాలి నుంచే లాక్కుంటుంది, గాలి చల్లబడుతుంది. లెక్క కావాలంటే, కిలో గాలిలో ఒక గ్రాము నీరు ఆవిరైతే ఆ గాలి రెండున్నర డిగ్రీలు చల్లబడుతుంది. వానాకాలం ముసురులో కూలర్ పనిచేయదు, ఏప్రిల్ ఎండలో బాగా పనిచేస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం.

ఇప్పుడు ఆ కూలర్‌ను ఆకాశంలో పెట్టండి. బంగాళాఖాతం నుంచి వచ్చిన తేమ, మన నేల మీది 41, 42 డిగ్రీల వేడి, విదర్భ నుంచి దక్షిణానికి సాగిన ద్రోణి (పీడనం తక్కువగా ఉన్న పొడవాటి పట్టీ), మూడూ కలిసిన రోజు మధ్యాహ్నానికి ఉత్తరాన తెల్లటి మబ్బు గోబీపువ్వులా పొంగుతుంది. సాయంత్రానికి అది పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తు పెరిగి నల్లబడుతుంది. మనం మొగులైంది అంటాం. అందులోంచి వాన మొదలవుతుంది గాని, కింద ఉన్న గాలి బాగా పొడిగా ఉంటుంది కాబట్టి చాలా చినుకులు నేల దాకా రాకుండానే ఆవిరైపోతాయి. ఆవిరైన ప్రతి చినుకూ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడ్డ గాలి బరువెక్కుతుంది. బరువెక్కింది కింద పడుతుంది. బిందెడు నీళ్లు గచ్చు మీద కుమ్మరిస్తే ఏమవుతుంది? నేలను తాకి నాలుగు పక్కలకూ పారుతుంది. ఆ గాలీ అంతే. నేలకు కొట్టుకుని, దుమ్ము లేపుకుంటూ, ఊళ్ల మీదుగా అన్ని వైపులా పరుగెత్తుతుంది. ఆ పరుగు ముందు అంచును గస్ట్ ఫ్రంట్ అంటారు. పేరులోనే ఉంది చూడండి ఫ్రంట్ అని. ఒహాయోలో వెయ్యి కిలోమీటర్ల పొడవున వచ్చినది ఇక్కడ పది, ఇరవై కిలోమీటర్ల వెడల్పున వస్తుంది. చిన్న వాతాగ్రం. అక్కడ నాలుగైదు రోజుల ముందు తెలిసేది ఇక్కడ అరగంట ముందు తెలుస్తుంది.

ఈ గాలి వాన కంటే ముందు వస్తుంది. నేను మిమ్మల్ని గుర్తుపెట్టుకోమనేది ఈ ఒక్కటే. పొద్దంతా ఉడికిపోయిన మనిషికి సాయంత్రం ఉన్నట్టుండి చల్లటి గాలి తగులుతుంది, మట్టి వాసన వస్తుంది, ఎక్కడో దూరంగా వాన పడుతోందని తెలుస్తుంది. ప్రాణం లేచొస్తుంది. బయటికి వస్తాం.

మా అమ్మ అట్లాగే వచ్చింది. పరకాల దగ్గర మా ఊళ్లో, మే నెలలో. నేను సెలవులకు ఇంటికి వెళ్లాను. కరెంటు లేదు. అమ్మకు అప్పటికి డెబ్బై దాటాయి. "చల్లగాలి కొడ్తుంది బిడ్డా, మంచం బయటెయ్యి" అంది. నులక మంచం వాకిట్లో వేప చెట్టుకు కాస్త ఎడంగా వేశాను. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంటూ కూర్చుంది. నేను లోపలికి మంచినీళ్లకు వెళ్లాను. రెండు నిమిషాలు కూడా కాలేదు. ముందు తలుపు దభీమని మూసుకుంది. తర్వాత కంకర లారీ తిరగబోసినట్టు ఒక చప్పుడు. బయటికి వచ్చేసరికి వాకిలంతా ఎర్రటి దుమ్ము, మంచం బోర్లా పడి ఉంది. ఎదురింటి కొట్టం మీది రేకు ఒకటి మా గోడకు కొట్టుకుని కింద పడింది. దాని మీద బరువు కోసం పెట్టిన బండరాయి అమ్మ కుడి భుజం మీదుగా జారిపోయింది.

బతికింది. భుజం మాత్రం మళ్లీ పైకి లేవలేదు. ఆ తర్వాత ఉన్న ఆరేళ్లూ జడ వేసుకోవడానికి చెల్లెలి సాయం కావాల్సి వచ్చింది. ఎదురింటివాళ్లను నేను ఏమీ అనలేదు, ఊళ్లో అందరూ రాళ్లే పెడతారు, మా కొట్టం మీదా అవే ఉన్నాయి. నన్ను నేను మాత్రం అనుకున్నాను. క్లాసులో పిల్లలకు బాష్పీభవనం చెప్పి చల్లదనం ఎందుకు వస్తుందో బోర్డు మీద రాసినవాణ్ణి, ఆ చల్లదనం ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే మంచం బయట వేసేవాణ్ణి కాదు.

ఆ రేకు సంగతి కొంచెం చూద్దాం. పది అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పు ఉన్న రేకు పది, పన్నెండు కిలోలు ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల గాలి దానికి ఎదురుగా తగిలితే సుమారు 33 కిలోల బరువుతో తోస్తుంది. గాలి వేగం రెట్టింపై 100 అయితే తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది, 130 కిలోలు దాటుతుంది. విద్యార్థులకు తెలుసు, వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే పేపర్లో '40 నుంచి 50 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు' అన్నదానికీ, '50 నుంచి 60' అన్నదానికీ తేడా పదే కదా అనుకోవద్దు. పైకప్పు విషయంలో ఇంకో చిక్కు ఉంది. గాలి కప్పు మీదుగా జారిపోయేటప్పుడు రేకును పైకి పీలుస్తుంది. అదే సమయంలో తలుపు తెరిచి ఉంటే లోపలికి దూరిన గాలి కింది నుంచి ఎత్తుతుంది. పైన లాగుడు, కింద తోపుడు. అప్పుడు రాయి ఏం చేస్తుంది? పది కిలోల రాళ్లు నాలుగు పెట్టినా నలభై కిలోలే. రేకు లేస్తుంది, దాంతోపాటు రాళ్లూ లేస్తాయి, మనుషుల మీద పడతాయి.

చౌరస్తాల్లో కట్టే ఫ్లెక్సీలకూ ఇదే లెక్క. ఇరవై అడుగులు, పది అడుగుల ఫ్లెక్సీకి 80 కిలోమీటర్ల గాలి తగిలితే అర టన్నుకు పైగా తోపుడు. దాన్ని నాలుగు వెదురుబొంగులకు బైండింగ్ వైరుతో కడుతున్నాం. పుట్టినరోజు అయిపోయి నెలైనా విప్పం. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, ఎందుకంటే వాటి కిందే పండ్ల బండ్లు పెట్టుకునేవాళ్లు నిలబడతారు.

పోయినసారి ఒక తమ్ముడు అడిగాడు, ఇదంతా సుడిగాలి కదా సార్ అని. వేరు. సుడిగాలి తిప్పుతుంది, ఇది పైనుంచి పడి పరుచుకుంటుంది. ఈ తేడాను లోకానికి చూపించింది జపాన్‌లో పుట్టిన ఫుజిటా అనే శాస్త్రవేత్త. 1945లో నాగసాకి, హిరోషిమాల మీద అణుబాంబులు పడ్డాక ఆయన అక్కడికి వెళ్లి చూశాడు. బాంబు పేలినచోటికి సరిగ్గా కింద ఉన్న చెట్లు మాడిపోయి కూడా నిలబడే ఉన్నాయి, చుట్టూ ఉన్నవి మాత్రం బయటి వైపుకు, చుక్క ముగ్గులో గీతల్లా పడి ఉన్నాయి. తర్వాత ఆయన అమెరికా వెళ్లాడు. 1974 ఏప్రిల్‌లో అక్కడ వరసగా సుడిగాలులు వచ్చినప్పుడు విమానంలోంచి అడవులు చూస్తుంటే కొన్నిచోట్ల చెట్లు చుట్టలు తిరిగి కాకుండా, అదే పాత ముగ్గు లాగా పడి కనిపించాయి. పైనుంచి ఏదో కూలింది అనుకున్నాడు. మరుసటి ఏడాది, 1975 జూన్ 24న, న్యూయార్క్‌లో దిగబోతున్న విమానం ఉరుముల వానలో కూలి వందమందికి పైగా చనిపోయారు. అది మేఘంలోంచి కూలిన గాలి పనే అని ఆయన అన్నాడు, దానికి డౌన్‌బరస్ట్ అని పేరు పెట్టాడు. మొదట చాలామంది నమ్మలేదు. 1978లో రాడార్లు పెట్టి చూశాక నమ్మక తప్పలేదు. ఇవాళ విమానాశ్రయాల్లో ఈ గాలిని పసిగట్టే ఏర్పాట్లు ఉన్నాయంటే, పడిపోయిన చెట్లను ఒక మనిషి అంత శ్రద్ధగా చూడటమే కారణం.

చెట్లు అంటే మనవాళ్లందరికీ తాడ్వాయి గుర్తొస్తుంది. 2024 ఆగస్టు 31 సాయంత్రం, ములుగు జిల్లాలో తాడ్వాయి, మేడారం మధ్య అడవి నేలకొరిగింది. యాభై వేలకు పైగా చెట్లు కూలాయని అప్పట్లో అధికారులు చెప్పారు. అది ఎండాకాలం గాలి కాదు, వానాకాలం నడుమ వచ్చింది, నేల నాని ముద్దయి ఉంది. కొన్నాళ్లకు ఆ దారిన వెళ్తూ ఆటో ఆపించుకుని దిగి చూశాను. ఒక చెట్టు, ఇద్దరు మనుషులు చేతులు చాపితే గాని అందనంత మొదలు, పక్కకు ఒరిగి ఉంది. వేళ్లన్నీ మట్టితో కలిసి పెద్ద చేట నిలబెట్టినట్టు పైకి లేచి ఉన్నాయి. ఆ చేట నా కంటే ఎత్తు. కానీ మందం చూస్తే మోకాలి లోతు కూడా లేదు. వేళ్లు పక్కలకు పరుచుకున్నాయి, కిందకు దిగినది ఒక్కటీ కనిపించలేదు. వేరు ఊడిన గుంతలో నీళ్లు నిలిచి, అందులో అప్పుడే కప్పలు చేరాయి. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ గాలి ఒక ఊరి మీద దిగి ఉంటే అన్న ఆలోచన మనసు వదలలేదు.

సరే, ముందుగా తెలుసుకునే దారి ఏమిటి? హైదరాబాద్ వాతావరణ కేంద్రం రోజూ జిల్లాల వారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగులతో హెచ్చరిక ఇస్తుంది. అది 'ఈ రోజు మీ జిల్లాలో ఎక్కడైనా రావచ్చు' అని చెప్పడానికి. అసలు పనికొచ్చేది నౌకాస్ట్ అనేది, వచ్చే మూడు గంటలకు ఇచ్చేది. పిడుగులకు దామిని యాప్ ఉంది. ఇవన్నీ ఫోన్‌లో పెట్టుకోండి. కానీ ఒక్క సంగతి అర్థం చేసుకోండి. హైదరాబాద్‌లో ఉన్న డాప్లర్ రాడార్ కిరణం సూటిగా వస్తుంది, భూమేమో వంగి ఉంది. నూట ముప్పై, నూట నలభై కిలోమీటర్లు వచ్చి వరంగల్ మీదికి చేరేసరికి ఆ కిరణం నేలకు రెండు కిలోమీటర్లకు పైన ఉంటుంది. అది మేఘాన్ని చూస్తుంది, వానను చూస్తుంది. నేలను పట్టుకుని పరుగెత్తే ఈ గాలి దాని కంటి కింద నుంచి జారిపోతుంది. ఆ చివరి అరగంట కాపలా మనదే.

ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లోనే, యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో కుప్పలు పోసే రోజుల్లోనే, జగిత్యాల తోటల్లో మామిడి కాయ ముదిరే రోజుల్లోనే ఈ గాలులు. రైతుకు ఇంతకంటే చెడ్డ సమయం లేదు. కాయ చెట్టు మీద ఉంటే రాలిపోతుంది, ఆపలేం. పిందె రాలిన చెట్టు కింద నిలబడ్డ రైతుకు నేను చెప్పగల మాట ఏదీ లేదు. కానీ వడ్ల కుప్ప విషయంలో ఆపగలం. కేంద్రంలో నలభై మంది రైతులు ఉంటారు, నలభై మంది కాంటా వైపే చూస్తుంటారు. ఒక్కరైనా ఆకాశం వైపు చూడాలి. మధ్యాహ్నం మూడు నుంచి ఆ ఒక్కరి పని అదే అని ముందే అనుకోండి, రోజుకొకరు వంతు వేసుకోండి. మబ్బు కింద నేలకు ఆనుకుని గోధుమరంగు గోడ లాంటిది కదులుతూ కనిపిస్తే అది దుమ్ము. చల్లగాలి మొహానికి తగిలిందంటే మీ చేతిలో నిమిషాలే ఉన్నాయి. అప్పుడు టార్పాలిన్ వెతకడం మొదలుపెడితే అందదు, ముందే కుప్ప పక్కన పరిచి, ఒక అంచు కట్టి ఉండాలి.

పంచాయతీ మైకు ఉంది కదా. పన్ను కట్టమని చెప్పడానికి వాడతాం. దాన్నే దీనికీ వాడమని మా ఊళ్లో అడిగాను. పోయిన ఏడాది రెండుసార్లు మైకులో చెప్పారు, ఒకసారి గాలి వచ్చింది, ఒకసారి రాలేదు. రానిసారి కొందరు విసుక్కున్నారు. మా చెల్లెలు మాత్రం రెండుసార్లూ మనవళ్లను లోపలికి తీసుకుపోయి కూర్చోబెట్టింది.

కరెంటు వాళ్లు కూడా వచ్చారు, సంతోషం. గాలి తగ్గగానే స్తంభం ఎక్కేది మీరే. నా మాట జనానికి: తెగిన తీగ చప్పుడు చేయకుండా పడి ఉన్నా చచ్చిన తీగ అనుకోవద్దు. తడి నేల మీద దాని చుట్టుపక్కల నడవద్దు, గొడ్లను పోనివ్వద్దు, 1912కు ఫోన్ చేసి, సరఫరా ఆపేశామని వాళ్లు చెప్పేదాకా ఎవరో ఒకరు దూరంగా నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆపండి. పొలంలో జారిన తీగలు ఉంటే గాలి రాకముందే చెప్పండి. రెండు తీగలు గాలికి రాసుకుని నిప్పు రాలితే ఎండిన గడ్డివాము క్షణంలో అంటుకుంటుంది.

ఇంక మీరు అడగండి.

(ముందు వరుసలో ఒక రైతు: "సార్, రాళ్లు పెట్టొద్దంటరు. మరి రేకు ఎట్లాగుతది? సిమెంటు కప్పు ఏసుకునే తాహతు ఉంటే రేకులెందుకేసుకుంటం?")

మంచి ప్రశ్న, అన్నా. మీరు అన్నది నిజం, స్లాబు వేసుకోమని చెప్పడానికి నేను రాలేదు. రేకును బరువుతో కాదు, పట్టుతో ఆపాలి. ఇదిగో, చేతిలో పట్టుకుని వచ్చాను, మా కొట్టం నుంచి తీసిన హుక్కు. జే ఆకారంలో వంగి ఉంటుంది, కింద పైపుకో దూలానికో తగులుకుంటుంది, పైన నట్టు బిగిస్తాం. నట్టు కింద ఉన్న ఈ వాషర్ చూడండి, తుప్పు పట్టి అంచులు రాలిపోయాయి. వాషర్ పోతే రేకుకు ఉన్న రంధ్రం గాలికి రాసుకుని రాసుకుని కోడిగుడ్డు ఆకారానికి సాగుతుంది. అప్పుడు హుక్కు ఉన్నచోటే ఉంటుంది, రేకు దాని మీదుగా ఊడి లేచిపోతుంది. గాలి ముందు పట్టేది చూరు దగ్గర, మూలల దగ్గర. కొత్త హుక్కులు అన్నిచోట్లా వేయలేకపోతే ముందు ఆ అంచుల్లో ఒకటున్న చోట రెండు వేయండి. దూలాన్ని గుంజకు, గుంజను నేలకు గట్టిగా కట్టారో లేదో చూడండి, లేకపోతే రేకులు దూలంతో సహా పోతాయి. రాళ్లు మాత్రం రేపే దించేయండి.

(వెనక నుంచి ఒక విద్యార్థిని: "బైక్ మీద వెళ్తుంటే గాలి వస్తే ఏం చేయాలి సార్? చెట్టు కింద ఆగొచ్చా?")

వద్దమ్మా. చెట్టు కింద వద్దు, ఫ్లెక్సీ కింద వద్దు, ఇంకా కడుతున్న గోడ పక్కన వద్దు. గాలికి కొమ్మ విరుగుతుంది, పిడుగూ చెట్టునే వెతుక్కుంటుంది. పెట్రోల్ బంకు పక్కన గది, బడి, పంచాయతీ ఆఫీసు, ఏదైనా గట్టి కప్పు ఉన్నది కనిపిస్తే బండి బయట వదిలేసి లోపలికి వెళ్లు. బండి తడిస్తే తుడుచుకోవచ్చు. మామూలుగా ఇరవై నిమిషాలు, అరగంటలో జోరు తగ్గుతుంది. ఆలస్యమైందని ఇంట్లో కోప్పడితే నా పేరు చెప్పు.

ఈ హుక్కు, వాషరు ఇటు నుంచి వరసగా పంపిస్తున్నాను. తుప్పు ఎక్కడ మొదలైందో వేలితో తడిమి చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. పక్కనే కొత్తది కూడా ఒకటి పెట్టాను, రెండూ పోల్చి చూసుకోండి.